ముందు ఎడమ చక్రం

హెన్రీ మాస్టారి కారుకి అలాయ్ చక్రాలు. ఎవరో ముచ్చటపడి "అలా... ఆయ్!" అన్నట్టుంటుందని ఆ పేరంటే ఆయనకు మురిపెం. కారు కొన్న రోజున ఏలూరు చర్చి ముందు పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే, మాస్టారి అమ్మ వంగి, నూనె వేలితో ముందు ఎడమ చక్రం మీద సిలువ గీసింది. ఆ ఏడాది క్రిస్మస్ ఆవిడ చూడలేదు. అప్పట్నుంచీ కారంతా తోమినా ఆ చక్రాన్ని మాత్రం ఉత్త గుడ్డతో తుడుస్తాడు మాస్టారు. వీలునామా రాయని అమ్మ వదిలి వెళ్లిన 'వీలు' అదొక్కటే మరి!

2007 వానల్లో కొల్లేటి గట్టు మీద వస్తున్నాడు. నీళ్లదీ రోడ్డుదీ ఆకాశానిదీ ఒకటే రంగు. గూడబాతులు మబ్బుల్లో ఈదుతున్నాయా, మబ్బులే బాతులై నీళ్లమీద వాలాయా అని ఆయన తేల్చుకునేలోపు తూము రాయి తేల్చేసింది. ధబ్! చక్రం అంచు సొట్టపడింది. ఆ మర్నాటి నుంచి రోజూ తెల్లారేసరికి టైరు సగం దిగిపోయి ఉండేది.

గట్టు పక్కన చేపల చెరువు చూసుకునే పెద్దింటయ్య, చక్రాన్ని టైరుతో సహా ఊడదీయించి నీళ్లలో వదిలాడు. ముసురులో అది పగటి చందమామలా తేలింది. పక్కనుంచి సన్నగా బుడగలు లేచాయి, నిద్రలో ఎవరో ఊపిరి తీస్తున్నట్టు. అమ్మ మధ్యాహ్నపు కునుకు గుర్తొచ్చి మాస్టారు అలాగే చూస్తుండిపోయాడు.

"కారుతోందండి మాస్టారూ."

"కారు కదా పెద్దింటయ్యా, కారక ఏం చేస్తుంది?"

పెద్దింటయ్య నవ్వి, దోనె చిల్లులకు పూసే తారు కాచి చక్రం వెనక, బుడగలు లేచిన పగులు మీద దట్టంగా మెత్తాడు. గాలి నిలిచింది. మాస్టారి మనసూ నిలిచింది.

నిలవనిది ఆయన భార్య దేవకుమారి. గణపవరంలో టీచరు. రోజూ ఆ ఎడమ పక్కే కూర్చుని బడికి వెళ్లాలి.

"ఏవండీ, కారేమన్నా దోనె అనుకున్నారా? తారుతో సరిపెడతారా, చక్రం మారుస్తారా?"

"తారా, మారా అని అడిగితే మన సంసారం తారుమారైపోద్దే!"

ఆవిడ నవ్వలేదు. ఆదివారం ఆరాధన అవగానే కారు తాడేపల్లిగూడెం తీయించింది.

చక్రాలు సాపు చేసే చిట్టిబాబు కిరసనాయిల్ గుడ్డతో తారు తుడిచాడు. అడుగున పగులు నల్లటి వెంట్రుకలా పాకి, చక్రం నడిమి నుంచి అంచుకు వచ్చే ఆకు మొదట్లోకి దూరిపోయింది.

"సొట్ట ఒక్కటే అయితే తీసేద్దునండి. తారు గాలిని ఆపింది గానీ పగులుని ఆపలేదు. దోనెలోకి నీళ్లు రాకపోతే చాలండి, చక్రం మనుషుల్ని మొయ్యాలి కదా. అతుకేసి ఇవ్వమంటే మాత్రం నేనివ్వలేనండి."

"మా అమ్మ చెయ్యి పెట్టిన చక్రం చిట్టిబాబూ..." అన్నాడు మాస్టారు. గొంతులో ఒక్క చమత్కారమూ లేదు.

దేవకుమారి దగ్గరికొచ్చింది. "ఆ రోజు అత్తయ్య ఏమన్నారో విన్నారా మీరు?"

వినలేదు. ఆయన అప్పుడు ఫొటో తీసేవాణ్ని కాస్త ఇటు జరగమంటున్నాడు.

"'ప్రభువా, ఈ పక్కన కూర్చునేది నా కోడలు, భద్రం' అన్నారండీ. చక్రాన్ని భద్రంగా చూడమనలేదు."

షాపు ముందు వాన నీళ్లలో ఆకాశం తేలుతోంది. అందులో అమ్మ వంగి ఉన్నట్టే కనిపించింది మాస్టారికి. అయితే ఈసారి ఆవిడ చూపు చక్రం మీద లేదు. పైకి, అద్దంలోంచి కనిపించే సీటు వైపు చూస్తోంది.

"మార్చెయ్ చిట్టిబాబూ."

"ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదండి. మీవి నక్షత్రం డిజైను, నా దగ్గరున్నది పువ్వు. మూడు నక్షత్రాలూ, ఒక పువ్వూ అవుద్ది."

"కానివ్వు."

కొత్త చక్రం బిగించాక మాస్టారు పంచె ఎగ్గట్టి గొంతుకూర్చున్నాడు. "నూనె ఉందా?"

"ఇంజనాయిల్ ఉందండి."

అందులోనే వేలు ముంచి సిలువ గీశాడు. "ప్రభువా, ఈ పక్కన కూర్చునేది..." అని ఆగిపోయాడు.

"ఎవరో చెప్పండి మరి" అంది దేవకుమారి.

"నా నోరు మూయించేది. భద్రం."

తిరిగొచ్చేటప్పుడు డిక్కీలో పాత చక్రం మెత్తగా కదులుతూనే ఉంది. గట్టు మీద నీళ్లూ రోడ్డూ మళ్లీ ఒకటే రంగు. మాస్టారు మాత్రం బాతుల్ని చూడమని భార్యకు అప్పజెప్పి, తను తూముల్ని చూస్తూ మెల్లగా నడిపాడు.