పదకొండు పెట్టెల కాపలా

ఆ డేటా సెంటర్‌లో అందరూ ఆయన్ని చలి సారు అనేవాళ్ళు. ఎదురుగా కాదు, చాటుగా. సర్వర్లు ఉండే పెద్ద హాలు తొమ్మిదేళ్ళుగా ఆయన చేతిలో ఉంది. లోపల ఎప్పుడు చూసినా పద్దెనిమిది డిగ్రీలు. పంతొమ్మిదికి వచ్చిందంటే కంగారుపడేవాడు. ఇరవైకి వచ్చిందంటే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేనంత హడావిడి చేసేవాడు. హాల్లోకి వెళ్ళేవాళ్ళ కోసం తలుపు పక్కన నాలుగు స్వెటర్లు తగిలించి ఉండేవి, అన్నీ ఆయన భార్య అల్లినవే.

ఆ ఏడాది కంపెనీ మేడ మీదంతా సోలార్ పలకలు పెట్టించింది. పెట్టించాక తేలిందేమిటంటే, ఎండ నడినెత్తిన ఉన్నా ఆ కరెంటు హాలుకి చాలదు. హాలు తినేది తగ్గితే తప్ప లాభం లేదు. ఎక్కడ వృథా అవుతోందో చూడటానికి ఒక ఇంజనీరును పంపుతున్నామని పై ఆఫీసు నుంచి కబురొచ్చింది.

తీరా వచ్చింది ఆయన సొంత మేనకోడలు.

"నువ్వా?" అన్నాడు గుమ్మంలోనే.

"అవును సార్."

"సారేంటే, మావయ్యని పట్టుకుని?"

"డ్యూటీలో ఉన్నాను సార్. సాయంత్రం ఇంటికొచ్చి మావయ్యా అంటాను."

మేనకోడలు థర్మామీటరు పట్టుకుని ప్రతి వరస ముందూ వెనకా తిరిగింది. ఆమె వెనకాలే ఆయన, బీరువా తాళాలు పోగొట్టుకున్నవాడిలా.

"ఇవి ఇరవై ఆరు దాకా హాయిగా పనిచేస్తాయి సార్. తయారుచేసినవాళ్ళే రాసిచ్చారు."

"రాసిచ్చినవాళ్ళు వచ్చి ఇక్కడ కూర్చుంటారా? రేపు ఏదైనా ఆగిపోతే మాటలు పడేది నేను."

"రోజుకి ఒక్క డిగ్రీ పెంచుదాం. ఏ ఒక్కటి మూలిగినా వెనక్కి తగ్గించేద్దాం."

అయిష్టంగానే ఒప్పుకున్నాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి సర్వర్ల మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు, పసిపిల్లకి జ్వరం చూసినట్టు. నాలుగో రోజు స్వెటర్ విప్పేశాడు. ఎనిమిదో రోజుకి ఇరవై ఆరు. ఏ సర్వరూ మూలగలేదు. మూలిగింది మనుషులు. ఎండ ఎక్కువైనప్పుడల్లా ఫైలొకటి పట్టుకుని, ఏదో ముఖ్యమైన పని మీద వచ్చినట్టు హాల్లో నిలబడే పెద్దమనుషులు ఆరుగురు, హాలు మునుపటిలా లేదని సంతకాలు పెట్టి ఫిర్యాదు ఇచ్చారు. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇన్నాళ్ళూ నేను చల్లగా చూసుకున్నది వీళ్ళనా?" అన్నాడు.

అయినా కరెంటు తగ్గింపు ఇంకా చాలలేదు. అప్పుడు మేనకోడలు చివరి వరసలో ఉన్న పదకొండు సర్వర్ల దగ్గర ఆగింది. అర మీద ఒక కాగితం అతికించి ఉంది. పాత చేతిరాత. 'ముట్టుకోవద్దు.'

"ఇవేం చేస్తాయి సార్?"

ఆయన గొంతు తగ్గించాడు. "అది అడక్కు. నా ముందున్న ఇన్‌చార్జిగారు స్వయంగా అతికించి వెళ్ళారు. వీటిని నేను కంటికి రెప్పలా చూసుకుంటున్నాను."

ఆమె తన కంప్యూటర్‌లో చూసింది. చూసి నవ్వు ఆపుకుంది. "ఇవి ఏ పనీ చేయట్లేదు మావయ్యా. ఒకదాన్నొకటి 'ఉన్నావా?' అని అడుగుతాయి, రెండోది 'ఉన్నాను' అంటుంది. తొమ్మిదేళ్ళుగా ఇదే. ఊరికే ఉండటానికే, పనిచేసేవి తాగేదాంట్లో సగం కరెంటు తాగుతున్నాయి, వాటిని చల్లబరచడానికి మళ్ళీ వేరే."

మావయ్యా అన్న సంగతి ఇద్దరూ గమనించలేదు.

"ఊరికే అతికిస్తారా? ఏదో పెద్ద కారణం ఉండే ఉంటుంది."

"అడిగితే పోలా?"

ఇన్నేళ్ళలో ఆ ఆలోచన ఆయనకి రాలేదు. ఆ పాత ఇన్‌చార్జి పెద్దాయనకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. ఉద్యోగం మానేశాక ఆయన గులాబీలు పెంచుకుంటున్నారు. కుశల ప్రశ్నలయ్యాక, చలి సారు లేచి నిలబడి మరీ విషయం అడిగాడు.

"చివరి అరా?" అన్నారు పెద్దాయన. "ఆ, దానికి రంగు వేయించాను. తడి ఆరలేదు. ఎవరైనా చెయ్యి పెడతారని కాగితం అతికించాను. ఆరిందా?"

"ఆరింది సార్," అన్నాడు చలి సారు.

"మరి ఆ పెట్టెలు?" అంది మేనకోడలు.

"వార్షికోత్సవానికి ఏదో ఆన్‌లైన్ పోటీ పెట్టారమ్మా. అయిపోగానే తీసేస్తామన్నారు. తీయలేదా?"

ఫోన్ పెట్టేశాక ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఒకసారి కప్పు కారింది. నాలుగు గంటలు వీటికి గొడుగు పట్టుకుని నిలబడ్డాను. నీ పెళ్ళికి ఆలస్యంగా వచ్చింది అందుకే. మీ అత్తయ్య వారం రోజులు మాట్లాడలేదు."

"ట్రాఫిక్ అన్నావుగా?"

"తడి రంగు కోసమని అప్పుడు తెలియదు కదే."

నవ్వాలో ఓదార్చాలో తెలియక ఆమె వెళ్ళి రెండు టీలు తెచ్చింది. తాగాక ఆయనే లేచాడు. ఆమె కూర్చున్నచోటి నుంచే అన్నీ ఆపేయగలనంది. వద్దన్నాడు. "నా చేత్తోనే ఆపుతాను." ఒక్కొక్కటీ ఆపుతూ, ఆగిందో లేదో చెవి ఆనించి విని, తర్వాతిదానికి వెళ్ళాడు.

నిజంగా ఎవరికీ అవసరం లేదని తేలేదాకా వారం రోజులు పెట్టెల్ని అక్కడే ఉంచుదామనుకున్నారు. ఆ వారమంతా ఫోన్ మోగితే చాలు, ఆయన చివరి వరస వైపు పరుగెత్తేవాడు. ఆరో రోజు గోడకి అవతల గదిలో కూర్చునే గుమాస్తా రానే వచ్చాడు.

"సార్, ఏమైనా మార్చారా?"

ఆయన మేనకోడలి వంక చూశాడు, నేను చెప్పలేదా అన్నట్టు. "ఏం, ఏం ఆగిపోయింది?"

"మా గోడకున్న సందులోంచి వేడిగాలి వచ్చేది సార్. అన్నం డబ్బా అక్కడ పెట్టుకునేవాణ్ణి. ఐదు రోజులుగా చల్లన్నం తింటున్నాను."

తొమ్మిదేళ్ళలో పదకొండు సర్వర్లు మనిషికి చేసిన మేలు అదొక్కటే. వారం కాగానే పెట్టెలు దించేశారు. గుమాస్తాకి చలి సారు తన గదిలో ఉన్న పాత హీటరు ఇవ్వబోతే మేనకోడలు ఒప్పుకోలేదు. చివరికి చలి సారే ఇంటి నుంచి వేడి నిలిచే డబ్బా తెచ్చి ఇచ్చాడు.

ఇక ఆయన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు. ఎండ ఉన్నప్పుడే బరువు పనులు చేయించాలని మేనకోడలు ఒకసారి చెప్పిందో లేదో, ఆయన ప్రతి విభాగానికీ వెళ్ళి కూర్చున్నాడు. పొద్దుటి పూట నడిపే పెద్ద పెద్ద డేటా కాపీలూ, నెలాఖరు రిపోర్టులూ మధ్యాహ్నం పన్నెండుకి మార్చమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. వాళ్ళు ఒప్పుకుంది నమ్మి కాదు, ఆయన లేచి వెళ్తాడని.

పనులన్నీ మధ్యాహ్నానికి మారే రోజు రానే వచ్చింది. పన్నెండూ పదికి మీటరు ముందు ఇద్దరూ నిలబడ్డారు. బయటి నుంచి వచ్చే కరెంటు తగ్గుతూ తగ్గుతూ సున్నాకి వచ్చింది. హాలంతా ఎండ మీద నడుస్తోంది. ఆయన ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. నలభై నిమిషాలయ్యాక మీటరు మళ్ళీ కదిలింది. ఆయన మేడ మీదకి పరుగెత్తాడు. ఆమె వెళ్ళేసరికి నడుం మీద చేతులు పెట్టుకుని ఒక మబ్బు వంక చూస్తున్నాడు.

"ఈ మూల నుంచి వచ్చింది," అన్నాడు, ఫిర్యాదు రాయించుకుంటారేమోనన్నట్టు.

"నలభై నిమిషాలు మావయ్యా. నిన్నటిదాకా ఒక్క నిమిషం కూడా లేదు."

"నలభై రెండు," అన్నాడు. "నేను వాచీ చూసుకున్నాను."

నెల తిరిగేసరికి ఆమె వేరే ఊళ్ళో ఇంకో హాలు పనికి వెళ్ళిపోయింది. ఆయన పొద్దున్నే మేడెక్కి సోలార్ పలకలు తడిగుడ్డతో తుడిచి మరీ కిందికి దిగుతాడు. మధ్యాహ్నం మూడింటికి తప్పకుండా మేనకోడలికి ఫోన్ చేస్తాడు. "ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరాడో కూడా నాకు చెప్పడు, నీకు మాత్రం రోజూ ఎండ లెక్క చెప్తాడు" అని అత్తయ్య దెప్పుతుంది. మొన్న ఆమె మీటింగులో ఉండగా మోగింది. ఎదురుగా ఉన్నవాళ్ళకి సైగ చేసి ఎత్తింది.

"రెండు గంటల పది నిమిషాలు," అన్నాడు అవతల నుంచి. "మబ్బు వచ్చింది గానీ పక్క నుంచి పోయింది."