మూడో స్తంభం గీత

వరద పాత వంతెనను ఊడ్చుకుపోయిన మరుసటి ఏడు అది. అప్పటికి ఏటిలో రెండు కొత్త స్తంభాలు లేచాయి. మూడోది ఇంకా నీళ్లలోనే ఉంది. అక్కడ వరద అడుగుమట్టిని కోసుకుపోయింది. ఎంత లోతుకు దిగితే గట్టి నేల తగులుతుందో మేస్త్రీకి తెలియదు. తెలియదన్న సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్లకు పని చూపించేవాడు తప్ప గడువు చెప్పే అలవాటు ఆయనకు లేదు. కూలీలు చాటుగా ‘మూగమేస్త్రీ’ అనేవారు. అది విన్నా ఏమీ అనేవాడు కాదు.

పని దగ్గర రేకుల గదిలో ప్లాను చూసే అమ్మాయి ఉండేది. పనులన్నీ కంప్యూటర్లో అడ్డగీతలుగా వేసేది. ఒక్కో పనికి ఒక్కో గీత. గీతకు ఇటు మొదలు, అటు చివర ఉండాల్సిందే. లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు.

“మూడో స్తంభానికి ఎన్నాళ్లు వెయ్యమంటారు మేస్త్రీగారూ?” అని అడిగిందామె ఒకరోజు.

బయట కాంక్రీటు కలుపుతున్నారు. ఆయన ప్రాణమంతా అక్కడుంది.

“పోనీ, మొదటి రెండింటికీ పట్టినంతే వేసేయనా?”

ఆయన తల ఊపి బయటికి వచ్చేశాడు. ఆ గీతలు పై ఆఫీసువాళ్లు చూసుకోవడానికే అనుకున్నాడు.

వారం తిరక్కుండా అవి రెండు గట్ల మీదా అందరి ఫోన్లలోకీ వచ్చిపడ్డాయి. వంతెన ఎప్పుడవుతుందని రోజూ ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడుతుంటే, వంతెనతో సంబంధం ఉన్నవాళ్లంతా చూసుకుంటారు కదా అని అమ్మాయి లింకు పంపేసింది. మంచికే పంపింది.

మేస్త్రీ గడ్డం గీయించుకోవడానికి వెళ్తే సెలూన్ ఆయన తన ఫోను తీసి కళ్లముందు పెట్టాడు.

“చూశావా బావా, మూడో స్తంభం! బడులు తెరిచేసరికి సిద్ధం! ఇన్నేళ్లూ నువ్వు నోరు విప్పలేదు గానీ నీ గీత మాత్రం గలగలా వాగుతోందోయ్!”

కుర్చీల్లో ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. మేస్త్రీ సబ్బు నురగతోనే లేచి నిలబడబోయి, మళ్లీ కూర్చున్నాడు.

మధ్యాహ్నం చెల్లెలి ఇంటికి భోజనానికి వెళ్లాడు. ఒంటిమనిషి. ఏళ్ల తరబడి అక్కడే తింటున్నాడు. చెల్లెలు బట్టలు కుడుతుంది. ఇల్లు ఇవతలే గానీ కొట్టు అవతలి గట్టున ఉంది. వంతెన పోయాక పడవెక్కి వచ్చే ఓపిక లేక ఇవతలివాళ్లు రావడం మానేశారు. స్కూలు యూనిఫారాల కుట్టు కూడా పోతే ఇక కొట్టుకు తాళమే.

“అన్నయ్యా, చెప్పుల షాపాయన ఇటువైపు తన కొట్లో సగం ఇస్తానన్నాడు చూడు, వద్దని చెప్పేశా. పొద్దున్నే వాచీలు బాగుచేసే అతను తీసేసుకున్నాడట.”

మేస్త్రీ ముద్ద పళ్లెంలో పెట్టేసి తలెత్తాడు.

“బడులు తెరిచేలోపు వంతెన అయిపోతుందిగా. పిల్లలు నడిచే వస్తారు. నీ పని కాబట్టి నమ్మా. ఇంకొకరిదైతే నమ్ముతానా?”

ఆయన మంచినీళ్లు తాగాడు.

“ఆ గీత నమ్మకు.”

“అంటే?”

“మూడోది ఎప్పటికవుతుందో నాకు తెలీదు.”

“మరి ఆ పిల్ల నిన్ను అడక్కుండానే గీసిందా?”

“అడిగింది.”

“నువ్వేమన్నావ్?”

“తలూపా.”

చెల్లెలు గరిటె గిన్నెలోకి విసిరింది. “గంగిరెద్దులా తలూపి వచ్చావా! కూరలో ఉప్పు లేకపోయినా చెప్పవు. పోనీలే, మా అన్నయ్య తీరే అంత అనుకున్నా. నా కొట్టు మునుగుతుంటే కూడా చెప్పవా?”

ఆయన పళ్లెంలో చెయ్యి కడుక్కుని లేచాడు. నేరుగా రేకుల గదికి వెళ్లాడు.

చెప్పింది విని అమ్మాయి ముఖం వాడిపోయింది. “ఇప్పుడు మారిస్తే ఊరంతా నా మీద పడుతుందండీ.”

“నా మీద పడమను.”

“చివర లేని గీత వెయ్యలేను కదా!”

“అయితే ఉన్న మాట రాయి.”

ఆమె తెరవైపు తిరిగింది. గీత చివరను వానలు వెళ్లేదాకా లాగింది. ఖాయమని చూపే ఆకుపచ్చ తీసేసి బూడిదరంగు వేసింది. కింద ఆయన చెప్పినట్టే రాసింది: ‘గట్టి నేల ఇంకా తగల్లేదు. తగిలిన రోజు చెబుతాం. అప్పటిదాకా ఈ తేదీని నమ్ముకోవద్దు.’

“మేస్త్రీ మాట అని పెట్టనా?”

ఈసారి ఆయన తల ఊపలేదు. “పెట్టు,” అన్నాడు నోరు తెరిచి.

సాయంత్రానికల్లా తిట్లు మొదలయ్యాయి. ముందు మొదలెట్టింది సెలూన్ ఆయనే. మేస్త్రీ గట్టున నిలబడి అన్నీ విన్నాడు. అడిగినవాళ్లకల్లా తెలియదనే చెప్పాడు. ఆ ఒక్క మాట ఎన్నిసార్లు అన్నాడో, ఇంటికెళ్లేసరికి గొంతు బొంగురుపోయింది.

మర్నాడు పొద్దున్నే చెల్లెలి దగ్గర కొట్టు తాళంచెవి అడిగి తీసుకుని మొదటి పడవెక్కాడు. కుట్టుమిషను బిగింపులు విప్పి, దాని పైభాగం ఒడిలో పెట్టుకుని, బల్లను కాళ్ల దగ్గర వేసుకుని ఇవతలికి తెచ్చాడు. తన ఇంటి ముందుగదిలో మంచం ఎత్తేసి వెనకగదిలోకి మార్చాడు. వీధి కిటికీ పక్కన మిషను బిగించాడు.

చెల్లెలు వచ్చి గుమ్మంలో నిలబడింది. ముఖం ఇంకా బిగించుకునే ఉంది.

“వెలుతురు చాలుతుందా?” అని అడిగాడు.

ఆమె కిటికీ వైపు చూసింది, మిషను వైపు చూసింది. “కొంచెం ఎడమకి.”

ఆయన వంగి బల్లను ఎడమకు జరిపాడు.