వాన చెయ్యి

మా ముదిగుబ్బ పక్క పల్లెల్లో వాతావరణం ఎవరైనా చెప్పగలరు. పొద్దున్నే లేచి ఆకాశం వైపు చూసి "ఈ పొద్దు వాన రాదు" అంటే చాలు, ఏడాదిలో ముప్పాతిక రోజులు ఆ మాట నిజమవుతుంది. అందుకే ఎయిర్‌ఫోర్సులో వాతావరణం చూసే పనికి పోతానని నేను చెప్పినప్పుడు మా అమ్మ నవ్విన నవ్వుకు కట్టేసిన మేకపిల్లలు బెదిరిపోయాయి.

"వాన రాదని చెప్పేకి మిలిటరీ యాల మే?" అంది.

నాకు అగ్నివీర్ పరీక్ష అయింది, పరుగు అయింది, డాక్టర్లు పళ్లు కూడా లెక్కపెట్టుకున్నారు. నెలాఖరుకు బెళగావిలో చేరాలి. ఏ పనికి పెట్టేదీ అక్కడికి పోయాక వాళ్లిష్టం. అయితే మా అమ్మకు అన్న వరసయ్యే బయ్యన్న మామ సగం జీవితం ఎయిర్‌ఫోర్సులో మబ్బులు చూసి చూసి రిటైరయ్యాడు. ఫిజిక్సులో మార్కులున్నాయి కాబట్టి నన్ను అటే వేయొచ్చని ఆయనే ఆశ పెట్టాడు. ఇప్పుడాయన గుంతకల్లులో పిల్లలకు ఈ పరీక్షలు నేర్పిస్తూ, మబ్బుల మీద మిగిలిన కోపమంతా వాళ్ల మీద తీర్చుకుంటున్నాడు.

అమ్మ నవ్వింది గానీ నాయన నవ్వలేదు. తింటున్న సంగటి ముద్ద పక్కన పెట్టి ఒకటే అడిగాడు.

"మరి ఇత్తేటప్పుడు చెయ్యెవరు వేస్తారు?"

ఆ మాట ఎందుకొచ్చిందో చెప్పాలంటే కప్ప దగ్గర మొదలుపెట్టాలి. నేను బడికి కూడా పోని వయసులో ఒక ఏడు వానలు మొండికేశాయి. ఊళ్లో ఆడవాళ్లు కప్పతల్లిని కట్టారు. అంటే రోకలికి వేపమండలు చుట్టి, దానికొక కప్పను కట్టి, ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటి ముందరా దాని మీద నీళ్లు పోస్తారు. మా ఇంటి ముందర చెంబు నా చేతికిచ్చారు. నేను పోసిన పోతకు ముడి వదులై కప్ప ఎగిరి ముళ్లకంపలో పడి పారిపోయింది. ఆ సాయంత్రం వాన దంచింది. న్యాయంగా వాన తెచ్చిన పేరు కప్పకు రావాలి. అది దొరకలేదు కాబట్టి నాకు అంటగట్టారు.

అప్పటి నుంచి ఏటా మొదటి గుప్పెడు చెనిక్కాయ గింజలు విత్తే గొర్రులో నేనే వేయాలి. ఊరికి పెద్దరైతు, మాజీ సర్పంచి ఎర్రన్న చేనులో మొదలుపెడితే, ఆ తర్వాతే మిగతావాళ్లు విత్తుతారు. ఏడాదంతా ఆయన అరుగు కింద నిలబడి మాట్లాడే మా నాయనకు ఆ ఒక్క పొద్దు మాత్రం ఆయన పక్కన కుర్చీ వేస్తారు. ముసలివాళ్లు నా చేతిని కళ్లకద్దుకుంటారు.

పండిన ఏడు అది నా హస్తవాసి. ఎండిన ఏడు నన్నెవరూ ఒక్క మాట అనలేదు. ఊరికే చూసేవాళ్లు. బోరింగు దగ్గర బిందె పెట్టి నా చేతి వంక చూసేవాళ్లు. "పాప ఆ పొద్దు నీళ్లు పోసుకున్యాదా? ముట్టు గిట్టు ఏమన్నా..." అని ఒక ఏడు ఎర్రన్న భార్య మా అమ్మను గుసగుసగా అడిగింది. మా జిల్లాకు రుతుపవనాలు రాకపోవడానికి కారణం నా నెలసరి! అరేబియా సముద్రానికి ఆ సంగతి తెలుసో లేదో. ఆ ఏడు నాకు పదమూడేళ్లు. చేతులు దుప్పటి కింద దాచుకుని పడుకునేదాన్ని. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

నాకు వాన తెప్పించే పని వద్దు. వాన సంగతి చెప్పే పని కావాలి. ఇంతే నా దేశభక్తి.

బయ్యన్న మామకు ఫోన్ చేసి ఇదే చెప్తే ఆయన పెద్దగా నవ్వాడు.

"ఆడ మాత్రం పూలదండలేస్తారనుకున్యావా? గంటగంటకూ మబ్బెంత, గాలెంత, చూపెంత దూరం పోతాది, అన్నీ రాయల్ల. బెలూన్లు వదలల్ల. నువ్వు మంచు లేదంటావు, పైలట్ ఎగరబోయేటప్పటికి ముందర గోడ మాదిరి మంచు. ఆఫీసరు ఇంగ్లీషులో తిడతాడు, సార్జెంటు హిందీలో తిడతాడు. నాలుగేండ్లైనాంక నలుగుర్లో ఒకర్ని పెట్టుకొని ముగ్గుర్ని ఇంటికి పంపిస్తారు. బాగా ఆలోచన చేస్కో పాపా."

"ఆడా తిట్లేనా మామా?"

"తిట్లే. అయితే ఆడ తప్పు చెప్తే ఇంకో గంటకు సరిచేస్కోవచ్చు."

ఇక్కడ ఒక గుప్పెడు తప్పయితే ఏడాది పొడుగునా చూస్తారు. అయినా నేను పోతానని గట్టిగా చెప్పలేకపోయాను. నాలుగేళ్ల తర్వాత ఉత్తచేతులతో తిరిగొస్తే ఏం చేయాలి? ఎవరైనా అడిగితే మాత్రం "ఊరోళ్లు పంపరు" అనేదాన్ని. ఆ మాట చాలా సుఖంగా ఉండేది.

ఇంతలో మృగశిర కార్తెలో ఒక జల్లు పడింది. వేలు గుచ్చితే సగం వేలు కూడా తడవని జల్లు. ఎర్రన్నకు అదే చాలు. పంచాంగం చూసి మంచి గడియ పెట్టించేశాడు. చేనులో ట్రాక్టరు, దాని వెనక గొర్రు, పళ్లెంలో పసుపు కుంకుమలు, టెంకాయ, గట్టున రెండు కుర్చీలు. ఒకదాంట్లో మా నాయన, తెల్ల అంగీ వేసుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు.

రాత్రి పడుకునేముందు, పొద్దున లేచాక, ఇప్పుడు గట్టు మీద కూడా నేను ఫోన్ చూస్తూనే ఉన్నాను. నా దగ్గరున్న వాతావరణం యాపులన్నీ ఒక్క గొంతుతో పది రోజులు ఎండ అన్నాయి. పిడికిట్లో విత్తనాలున్నాయి. అవి ఆ సగం తడిలో మొలకెత్తి, ఎండకు మాడి చచ్చిపోవడం కళ్ల ముందు కనిపించింది. ఆ తర్వాత బోరింగు దగ్గర చూపులూ కనిపించాయి.

"ఇప్పుడు ఇత్తద్దు పెద్దనాయనా," అన్నాను ఎర్రన్నతో. "పది దినాలు వాన లేదు. ఇత్తనమంతా ఎండిపోతాది."

అందరూ నోళ్లు తెరిచారు. ఇన్నేళ్లలో నా చెయ్యి మాట్లాడటం వాళ్లు వినలేదు.

ఎర్రన్న మొహం ఎర్రబడింది. "నిన్ను చెయ్యి వెయ్యమన్యాం గానీ, నోరు తెరవమన్యామా?"

నేను పిడికిలి విప్పి విత్తనాలు మూటలో పోసేశాను. గడియ దాటిపోతోందని పూజారి గొణుగుతున్నాడు. ఎర్రన్న చుట్టూ చూసి, కూలికొచ్చిన సుంకమ్మను పిలిచాడు.

"నాకు యాలప్పా! రేపు వాన రాకుంటే నన్నంటారు," అని సుంకమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఊరు మొత్తంలో తెలివైన మాట అదొక్కటే. అయినా బలవంతాన వేయించారు. ట్రాక్టరు కదిలింది. ఆ వెనకే మిగతా రైతులూ తమ తమ చేలకు పరుగెత్తారు.

మా నాయన కుర్చీలోంచి లేచాడు. ఎటు పోతాడోనని చూశాను. మా విత్తన మూట భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. ఊరంతా విత్తింది, ఆయనొక్కడే విత్తలేదు. ఆయన నా చేతిని చాలాసార్లు నమ్మాడు. నా నోటిని నమ్మడం అదే మొదటిసారి.

సాయంత్రానికి వాన కురిసింది. మామూలు వాన కాదు. వంకలు పొంగాయి, మా మేకల కొట్టం పైకప్పు రేకు ఒకటి లేచిపోయింది. పది రోజుల ఎండ ఒక్క పగలు కూడా నిలవలేదు.

మరుసటి పొద్దుకు ఊళ్లో కొత్త దేవత వెలిసింది. ముసలివాళ్లు వరుసకట్టి సుంకమ్మ చెయ్యి కళ్లకద్దుకుంటుంటే, ఆమె బలికి కట్టేసిన పొట్టేలులా బిక్కచచ్చి నిలబడింది. నన్ను చూసి కుర్రాళ్లు కేకలేశారు. "అక్కా, రేపు కూడా వాన రాదని చెప్పక్కా, ఇంకో పదును వాన కావల్ల!"

నవ్వాలి కదా నేను? ఇన్నేళ్ల పీడ వదిలింది కదా? మేకల కొట్టంలోకి పోయి వెక్కివెక్కి ఏడ్చాను. సుంకమ్మ మీద కుళ్లు పుట్టింది. ఆ పనికిమాలిన పూజ నాకు అంత ఇష్టమని నాకే తెలియదు.

కొట్టంలోంచే మామకు ఫోన్ చేశాను. సంగతంతా విని ఆయన ఓదార్చలేదు.

"వానకు ముందర గాలి యాడనుంచి తోలింది?"

"చూడలేదు మామా."

"మధ్యాన్నం మబ్బు యాడ కట్టింది?"

"చూడలేదు. ఫోన్ చూస్తాంటి."

"నెత్తి మీద అంత ఆకాశం పెట్టుకొని, అరచేతిలోది చూస్తాంటివా! సరే, ఇప్పుడేం చేస్తావు?"

ఏం చేయాలో తెలియలేదు గానీ, ఒకటి మాత్రం తెలుసుకోవాలనిపించింది. ఆ వాన ఎక్కడినుంచి వచ్చింది? అన్ని యాపుల కళ్లు కప్పి, నన్ను ఊరి ముందర వెధవను చేసి, ఎక్కడ దాక్కుని వచ్చింది? ఏడుపు మధ్యలో కూడా ఆ ప్రశ్న దోమలా చెవి దగ్గర తిరుగుతూనే ఉంది. పైగా నన్ను ఇంక ఊరు ఆపదు. చెప్పుకోవడానికి సాకు లేదు. పోతే నేనే పోవాలి, ఉంటే నేనే ఉండాలి.

నేల ఆరి పదునుకొచ్చాక, ఊరంతా అయిపోయిన పని మా నాయన ఒక్కడే మొదలుపెట్టాడు. బాడుగకు ట్రాక్టరు తెచ్చాడు. విత్తనాల గంప నా ముందర పెట్టాడు.

"నా చెయ్యి పనికిరాదు గదా నాయనా."

"తెలుసులే. పని జరగల్ల గదా, వెయ్యి."

పసుపు లేదు, టెంకాయ లేదు. గొర్రు వెనక నడుస్తూ సాలు చివరిదాకా వేశాను. అన్నేళ్లలో నేను విత్తింది ఏటా ఒక్క గుప్పెడే. అవతలి గట్టు దగ్గరికొచ్చేసరికి నడుము పట్టేసింది.

"నాయనా, నేను పోతా," అన్నాను. "పెద్దనాయన పక్కన కుర్చీ ఇంక నీకెయ్యరు."

నాయన మొహం తుడుచుకున్నాడు. ఆ కుర్చీ అంటే ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు.

"ఆడ గూడా ఇట్లే తప్పు చెప్తే ఏం చేస్తారంట?"

"తిడతారంట. రెండు బాసల్లో."

నాయన ఖాళీ గంప అందుకుని నా చేతులకంటిన మట్టి తన తువ్వాలుతో దులిపాడు.

"తిట్టనీలే పాపా," అన్నాడు. "మొక్కరు గదా."