దుమ్ము గురించి రోవానా మాట

రోవానా స్లోన్ అమెరికా కాంగ్రెసుకి పోటీ చేస్తోందని తెలిసిన రోజునే వెర్లిన్ ఆమె ఎన్నికల బోర్డు తెచ్చి తన ఇంటి ముందు పాతాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, భుజానికి సిలిండరు, చేతిలో సుత్తి. నాలుగు దెబ్బలు కొట్టడం, నిలబడి ఊపిరి తీసుకోవడం, మళ్లీ నాలుగు దెబ్బలు. అబ్బాయి కోల్బీ వచ్చాక వాడు పాతుతాడు గదయ్యా, నీకెందుకీ తాపత్రయం అని పెళ్లాం ఒలేటా గుమ్మంలోంచి గోల పెట్టింది. వింటేనా! ఎస్టిల్ కూతురి బోర్డు ఇంకొకరి చేత పాతించడమేమిటని వెర్లిన్ పట్టుదల.

ఎస్టిల్ స్లోన్, వెర్లిన్ పందొమ్మిదేళ్లు ఒకే మిషను మీద పనిచేశారు. బొగ్గు గని పైకప్పు విరిగి నెత్తిన పడకుండా రాతికి బెజ్జాలు వేసి ఇనుప బోల్టులు దిగ్గొట్టే మిషను అది. ఒకడు కుడి పక్క, ఒకడు ఎడమ పక్క. రాయి తొలుస్తుంటే లేచే దుమ్ములో ఒకడికొకడు కనిపించేవాళ్లు కాదు. కేకలేసుకుని, ఉన్నావా అంటే ఉన్నానని చెప్పుకునేవాళ్లు. ఎస్టిల్ ఆరేళ్ల కిందట పోయాడు. పడుకుంటే ఊపిరాడక చివరి ఏడాదంతా కుర్చీలోనే నిద్రపోయాడు, కుర్చీలోనే పోయాడు. ఇప్పుడు వెర్లిన్ కుర్చీలో నిద్రపోతున్నాడు. కొడుకు కోల్బీ, ముప్పై రెండేళ్లవాడు, అదే రకం మిషను మీద అదే కుడి పక్కన నిలబడుతున్నాడు.

మొన్న ఏప్రిల్లో ఎక్స్‌రే బండి ఊళ్లోకొస్తే ఒలేటా పోరి పోరి కోల్బీని పంపించింది. ఊపిరితిత్తుల్లో మచ్చలు బయటపడ్డాయి. తండ్రికి యాభై దాటాక వచ్చిన మచ్చలు కొడుకుకి ముప్పై రెండుకే వచ్చాయి. మందపాటి బొగ్గంతా పెద్దవాళ్లు ఎప్పుడో తవ్వేశారు. మిగిలిన సన్నటి పొర కోసం ఇప్పుడు రాయిని నమిలినట్టు నములుతున్నారు, ఆ రాతి దుమ్ము బొగ్గు దుమ్ము కంటే పాడుది. ఈ పని మానెయ్యరా అని వెర్లిన్ ఎన్నిసార్లన్నాడో. మానేసి ఎక్కడికి పోను నాన్నా, ఈ కౌంటీలో గని కాకపోతే కోడి వేయించే కొట్టు, ఆ జీతంతో ఇద్దరు పిల్లల్ని ఎట్లా సాకను అంటాడు వాడు. వాడన్నదీ అబద్ధం కాదు. అందరూ ఒకే ఇంట్లో సర్దుకుంటున్నది కూడా అందుకే.

ఇక మిగిలిన ఆశ ఒక్కటే. గనుల్లో రాతి దుమ్ము ఇప్పుడున్న పరిమితిలో సగానికి తగ్గాలని వాషింగ్టన్‌లో ఒక నిబంధన తయారై కూర్చుంది. దాన్ని ఉంచడమో కొట్టెయ్యడమో వచ్చే కాంగ్రెసు చేతిలో పని. ఉంచితే కంపెనీ చచ్చినట్టు నీళ్లు చల్లాలి, గాలి పెంచాలి, కోల్బీకి ఇంకొన్నేళ్లు ఊపిరి మిగులుతుంది. తండ్రి కుర్చీ పక్కన కూర్చుని ఆ ఎగశ్వాస విన్న పిల్ల అక్కడ చెయ్యెత్తితే ఇంకేం కావాలని వెర్లిన్ ధైర్యం.

సెప్టెంబరులో ఆమె కరపత్రం వచ్చింది. వెర్లిన్ భూతద్దం పెట్టుకుని ఒక్కో విషయమూ చదివాడు. జిల్లా ఆస్పత్రిని మూతపడనివ్వనంది, బంగారం లాంటి మాట. తుపాకుల జోలికి ఎవర్నీ రానివ్వనంది, సరే. సరిహద్దు, పన్నులు, ముసలాళ్ల పింఛన్లు, అన్నీ అందరూ చెప్పేవే. దుమ్ము సంగతి అట్టడుగున ఉంది. "మన జిల్లా గనుల్లో ఇరవై ఏళ్లుగా తీసిన దుమ్ము కొలతలు పరిమితి లోపలే ఉన్నాయి. ఇవి ప్రభుత్వం అంకెలే. మిగిలిన నాలుగు గనుల్నీ మూయించే కొత్త నిబంధనకు నేను ఒప్పుకోను."

వెర్లిన్ భూతద్దం కింద పెట్టేశాడు. ఆ అంకెలు ఎక్కడివో అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

దుమ్ము పట్టే డబ్బా ఒకటుంటుంది. నడుముకి కట్టుకుని, దాని గొట్టం కాలరుకి తగిలించుకోవాలి. షిఫ్టంతా మనిషి పీల్చే గాలే అదీ పీలుస్తుంది. దాని లోపల దుమ్ము పేరుకున్న బిళ్లని ప్రయోగశాలకి పంపి తూస్తారు. ఆ డబ్బా వంతు వచ్చిన రోజు ఫోర్‌మన్ దగ్గరకొచ్చి, అంకె చెడిందంటే గని మూస్తారు, నీ ఇష్టం అని చెప్పి పోయేవాడు. అంతే, అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనేవాడు కాదు. వెర్లిన్, ఎస్టిల్ ఆ డబ్బాని తీసుకుపోయి, బయటి గాలి లోపలికొచ్చే సొరంగంలో మేకుకి తగిలించి, దుమ్ములోకి వెళ్లిపోయేవాళ్లు. షిఫ్టు చివర మళ్లీ కట్టుకుని పైకొచ్చేవాళ్లు. కొలత కాయితం మీద సంతకం కూడా వాళ్లదే. పందొమ్మిదేళ్లు మేకు పీల్చిన గాలిని తాము పీల్చామని రాసిచ్చారు.

పాపం పిల్లకి తెలియదు, తెలిస్తే ఇట్లా రాస్తుందా అనుకున్నాడు వెర్లిన్. ఆమె ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎవరో అమ్మాయి మర్యాదగా, తప్పకుండా చెబుతామండీ అని మూడుసార్లూ పెట్టేసింది. అయితే ఆమె ఊళ్లో పెట్టే సభలోనే చెబుతానన్నాడు. ఒలేటా హడలిపోయింది. దొంగ లెక్కలకి సంతకాలు చేశానని నలుగురిలో చెప్పుకుంటావా, జైల్లో పెడతారయ్యా అంది. ఈ ఊపిరితో జైల్లో మాత్రం నేనెన్నాళ్లుంటానే అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఫైర్ స్టేషన్ హాల్లో సభ. అందరికీ ఉడికించిన బీన్సు, మొక్కజొన్న రొట్టె. ప్రశ్నలు చీటీల మీద రాసివ్వాలన్నారు. రోవానా మనిషి ఒకావిడ చీటీలన్నీ చూసి, నచ్చినవి పైన పెట్టి, నచ్చనివి అడుక్కి తోసింది. ఆస్పత్రి గురించి అడిగారు, వరదకి కొట్టుకుపోయిన రోడ్డు గురించి అడిగారు. వెర్లిన్ చీటీ రాలేదు. రాదని అతనికి అర్థమై లేచి నిలబడ్డాడు. కోల్బీ చొక్కా పట్టి లాగాడు. వాళ్ల ఫోర్‌మన్ రెండు వరుసల వెనకే ఉన్నాడు మరి.

"అమ్మా రోవానా," అన్నాడు వెర్లిన్. ఊపిరి తీసుకున్నాడు. "ఆ అంకెలు దొంగ అంకెలమ్మా. నేనూ మీ నాన్నా చేసినవే. డబ్బాని మంచి గాలిలో తగిలించి, మేం దుమ్ములోకి పోయేవాళ్లం. మీ నాన్నని చంపింది ఆ దుమ్మే. నా కొడుక్కీ పట్టుకుంది. ఆ అంకెలు చూసి నువ్వు మాటివ్వొద్దు తల్లీ."

రోవానా స్టేజి దిగి తిన్నగా వచ్చి వెర్లిన్‌ని కావలించుకుంది. ఆమె కళ్లల్లో నీళ్లు నిజంగానే ఉన్నాయి. అమ్మయ్య, గెలిచాననుకున్నాడు వెర్లిన్. ఫోటో తీసేవాడు ఫోటో తీశాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి తియ్యకుండానే జనం వైపు తిరిగింది.

"మా బాబాయ్‌కి ఉన్న ధైర్యం ఎంతమందికుంది? ఇప్పుడు మీరే చెప్పండి. ఇరవై ఏళ్లు వాషింగ్టన్ వాళ్లు ఈ అంకెలు తీసుకుని ఊరుకున్నారు. ఒక్కడు గనిలోకి దిగి చూశాడా? మేకు పీల్చిన గాలికీ మనిషి పీల్చిన గాలికీ తేడా తెలియని వాళ్లు రాసిన నిబంధన మన నెత్తిన రుద్దితే ఒప్పుకుందామా?"

చప్పట్లు మోగిపోయాయి. ఫోర్‌మన్ కూడా కొట్టాడు. వెర్లిన్ ఇంకా ఏదో చెప్పబోయాడు గాని దగ్గు తెర ముంచుకొచ్చింది, ఒలేటా పట్టుకుని బయటికి నడిపించింది.

ట్రక్కు ఎక్కించాక రోవానా ఒక్కతే వచ్చింది, ప్లేటు నిండా బీన్సు, పైన రొట్టె పెట్టుకుని. కిటికీలోంచి ఒలేటాకి అందించింది. తినకుండానే వచ్చేశాడు బాబాయ్ అంది.

"నీకు తెలియదనుకున్నానమ్మా," అన్నాడు వెర్లిన్.

"తెలుసు బాబాయ్. పోయే ముందు నాన్న చెప్పాడు. ఏడ్చాడు కూడా."

"తెలిసే రాశావా?"

"ఆ మాట రాయకపోతే ఈ జిల్లాలో నన్ను కుక్క కూడా పట్టించుకోదు బాబాయ్. నేను గెలవాలి. గెలిస్తే ఆస్పత్రి నిలబడుతుంది. ఊపిరితిత్తులకని ప్రత్యేకంగా ఒక డాక్టర్ని తెప్పిస్తాను. రేపు కోల్బీకి పనికొస్తాడు."

"ఆ మచ్చలు మాన్పే డాక్టరు ఎక్కడైనా ఉన్నాడా తల్లీ?"

లోపల్నుంచి ఎవరో పిలిస్తే రోవానా వెళ్లిపోయింది. ఇంటికి పోయేదాకా ఒలేటా ఒళ్లో ఆ ప్లేటు అట్లాగే ఉంది.

పదిరోజుల్లో కొత్త కరపత్రం వచ్చింది. ఆస్పత్రి, తుపాకులు, పన్నులు ఎక్కడివక్కడే ఉన్నాయి. దుమ్ము మాత్రం అడుగు నుంచి పైకొచ్చింది, పక్కన వెర్లిన్‌ని కావలించుకున్న ఫోటో. కొలతలు నమ్మదగినవి కావని గని కార్మికులే ఒప్పుకుంటున్నారు, అట్లాంటి కొలతల మీద నిలబడే నిబంధనకు నేను ఒప్పుకోను అని రాసింది. ఒలేటా చదివి బల్ల మీద పడేసింది. అంకెలు మంచివైతే నిబంధన అక్కర్లేదట, దొంగవైతే నిబంధన పనికిరాదట, ఇక ఎట్లా చస్తే వస్తుందో ఆ మహాతల్లినే అడుగు అంది. పోనీ ఎదుటివాడికి వేద్దామంటే వాడి కరపత్రంలోనూ దుమ్ము గురించి అదే మాట. వెర్లిన్ ఇంటి ముందు బోర్డు పీకేద్దామని వెళ్లి, గట్టిగా పాతుకుపోయి రాకపోతే వదిలేసి వచ్చాడు. నవంబరులో రోవానా గెలిచింది. వెర్లిన్ ఓటెయ్యడానికి వెళ్లనే లేదు.

ఆ మరుసటి వారం కోల్బీ షిఫ్టు నుంచి వచ్చి వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు. బూట్లు విప్పకుండా అట్లాగే కూర్చున్నాడు. వెర్లిన్ సిలిండరు లాక్కుంటూ వెళ్లి పక్కన కూర్చుని, ఏమిట్రా అన్నాడు.

ఇవాళ డబ్బా నా వంతు అన్నాడు కోల్బీ. ఫోర్‌మన్ అందరి ముందూ తెచ్చి చేతికిచ్చాడట. నీకు నేర్పక్కర్లేదు గదా, మీ నాన్న ఊరందరికీ పాఠం చెప్పాడు అన్నాడట. అందరూ నవ్వారట.

"ఎక్కడ తగిలించావు?" అన్నాడు వెర్లిన్.

కోల్బీ ఒక బూటు విప్పి పక్కన పెట్టాడు. "నువ్వు తగిలించిన చోటే నాన్నా."

వెర్లిన్ సిలిండరు మీట తిప్పి గాలి పెంచుకున్నాడు. లోపల పిల్లలు ఆడుకుంటున్నారు. కోల్బీ లేచి, వాళ్లకి వినపడకుండా తలుపు మూసి, గోడకి చెయ్యి ఆనించి దగ్గాడు.