మొదటి ఎక్కుడు

లాల్ బాషా లారీ ఇంజన్ వాల్వు నెత్తిన రబ్బరు గిన్నె అదిమి, దాని జానెడు కర్రను రెండు అరచేతుల మధ్య పెట్టుకొని మజ్జిగ చిలికినట్టు తిప్పుతూ, వాల్వును దాని గూట్లో అరగదీస్తున్నాడు. గరుకుగా మొదలైన చప్పుడు రానురాను సన్నబడి, చివరికి పట్టుచీర కుచ్చెళ్ళు కదిలినంత మెత్తనయింది. ఆ పోలిక ఎక్కడినుంచి వచ్చిందో తెలిసి లారీ డ్రైవర్ ఎలీషా తనలో తాను నవ్వుకున్నాడు. దేవకుమారి తెల్ల పట్టుచీరతో చర్చిలో తన పక్కన నిలబడింది మొన్నమొన్ననే.

"ఏందిరా నవ్వుతాండావు?" తల ఎత్తకుండానే అడిగాడు ముసలాయన.

"ఏం లేదు మామా."

"కొత్త పెండ్లికొడుకు ఏం లేదన్నాడంటే పెండ్లామే."

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు పక్కనున్న ఆ షెడ్డు బోర్డు మీద సలీం పేరుంది. అంతకు ముందు సలీం నాయన పేరుండేది. లాల్ బాషా పేరు ఎప్పుడూ లేదు. ఆయన చేతి మీదుగా ఎన్ని లారీలు కొండలెక్కాయో గానీ, ఆయన ఒక్కసారి కూడా స్టీరింగ్ పట్టలేదు. బక్కమనిషి. బీడీ ఎన్నడో మానేసినా దగ్గు ఆయన్ను మానలేదు. వేళ్ళు మాత్రం ఆ ఒంటివి కావన్నట్టు పొడవుగా, బలంగా, గోళ్ళ దాకా నల్లగా ఉంటాయి.

ఎలీషా లారీది పాత ఇంజన్. జమ్మలమడుగు నాపబండలు నింపుకొని పులివెందులకు పోయేటప్పుడు కనుమ ఎక్కుడులో మనిషి నడక కంటే నిదానమైపోతుంది. పోయిన నెల ఒక పార్టీ వాళ్ళు బెదిరించి, లారీ నిండా జనాన్ని ఎక్కించి మీటింగుకు తోలించారు. అది రెండో పార్టీ వాళ్ళ కంట్లో పడింది. తర్వాతి ట్రిప్పులో కనుమ మలుపు దగ్గర ఇద్దరు నడుస్తూనే లారీ ఎక్కి, ముందద్దం పగలగొట్టి, "ఇంగోసారి ఈడ నిదానమైతే బండితో పాటు నిన్నూ కాలుస్తాం" అని చెప్పి దిగిపోయారు. ఆ మాట ఎలీషా ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోయినా దేవకుమారికి తెలిసిపోయింది. పొద్దున సద్ది కడుతూ, "వేరే దోవ లేదా?" అని మాత్రం అడిగింది. లేదు.

అందుకే ఇంజన్ నెత్తిన మూతల్లా కూర్చునే ఈ హెడ్లు. మూడు సిలిండర్లకు ఒకటి చొప్పున రెండు. పాతవాటి చోట కొత్త రకం ఇంజన్‌వి పెడుతున్నారు. వాటి వాల్వులు పెద్దవి, గాలి పోయే దారులు వెడల్పు. ఆ దారుల్లోని గరుకునంతా లాల్ బాషా నిన్న కూర్చుని అరగదీశాడు. ఎలీషా వేలు పెట్టి చూశాడు. బుగ్గ లోపలి వైపులా నున్నగా ఉంది.

"ఇంజనంటే ఊపిరేరా," అన్నాడు లాల్ బాషా. "పీల్చేది పీల్చల్ల. వదిలేది వదలల్ల. యాడా ఇరుకుండగూడదు." ఈ కాస్త చెప్పడానికి ఆయన రెండుసార్లు ఆగాడు.

హెడ్డును బోర్లించి వాల్వుల మీది గుంటల్లో కిరసనాయిలు పోశాడు. వాల్వు సరిగ్గా కూర్చోకపోతే అవతలి వైపుకు చెమ్మ దిగుతుంది. టీ తాగేంత సేపు ఆగి వేలితో తడిమాడు. పొడిగా ఉంది. ఇనుమూ ఇనుమూ మధ్యలో కిరసనాయిలు కూడా దూరనంతగా కలిసిపోవడం, పెండ్లిలో పాస్టరుగారు చెప్పిన మాటల కంటే ఎలీషాకు నమ్మకంగా తోచింది.

మధ్యాహ్నం లాల్ బాషా భార్య మాబున్ని క్యారియర్ తెచ్చింది. హెడ్డు మార్చిన బండి మొదటి ఎక్కుడు ఎక్కేదాకా ఆయన చేతులు కడగడు. ఎక్కేటప్పుడు తానూ పక్కన కూర్చుంటాడు. ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ తెలియదు. ఆమె సంగటి ముద్దను పులుసులో అద్ది అందిస్తుంటే, ఆయన నల్లటి చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకొని చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు.

"పెండ్లయినకాడి నుంచి ఇదే తమాషా," అంది ఆమె ఎలీషాతో. "చేతులు కడగనీకి బద్ధకం. దానికి బండి సాకు."

"తినిపించుకోనీకి సాకది," అన్నాడు లాల్ బాషా నమలుతూ.

మాబున్ని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఎలీషాకు తినకుండానే కడుపు నిండిపోయింది. ఇంటికి పోగానే ఇది దేవకుమారికి చెప్పాలి.

నట్లను నడిమి నుంచి అంచులకు కొంచెం కొంచెంగా బిగించారు. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ ఒకసారి నల్లగా దగ్గి తేరుకుంది. లాల్ బాషా పొడవాటి స్క్రూడ్రైవర్ మొన హెడ్డుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని కాసేపు విన్నాడు.

"పద."

జమ్మలమడుగులో నాపబండలు నింపుకొని కనుమ మొదట్లోకి రాగానే, "నేను చెప్పేదాకా గేరు దించొద్దు. భయమేసినా సరే," అన్నాడు. వాల్వులు తిప్పిన జానెడు కర్రను కొత్త ముందద్దానికి అదిమాడు. రబ్బరు గిన్నె గట్టిగా కరుచుకుంది. ఒక చెయ్యి ఇద్దరి మధ్యనున్న ఇంజన్ మూత మీద పెట్టి, తల తలుపుకానించి కళ్ళు మూసుకున్నాడు.

లారీ మూడో గేరులో ఎక్కుడు అందుకుంది. అలవాటైన చోట ఎలీషా కాలు క్లచ్ మీదికి పోయింది. మామ ఏమీ అనలేదు. కాలు వెనక్కి తీసుకున్నాడు. మలుపు దగ్గర కల్వర్టు మీద కూర్చున్న ఇద్దరు లేచారు. ఇంజన్ గొంతు బరువెక్కింది. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అనుకున్నాడు ఎలీషా. చెప్పలేదు. ఆ ఇద్దరు పక్కనే పరుగెత్తారు. ఒకడి చెయ్యి తలుపు కమ్మీని తాకి జారింది. అప్పుడు ఆ పాత ఇంజన్ అడుగు నుంచి ఎప్పుడూ వినని గొంతొకటి లేచింది. బండల బరువంతా ఎవరో కింద భుజం పెట్టి ఎత్తినట్టు లారీ ముందుకు పోయింది. పక్క అద్దంలో ఆ ఇద్దరు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని రొప్పుతూ చిన్నవాళ్ళయిపోయారు.

కొండ నెత్తిన పులివెందుల వైపు చేన్లన్నీ సాయంత్రపు ఎండలో పరుచుకొని కనిపించాయి. ఎలీషాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మామా, దించమననే లేదే నువ్వు. దించింటే సచ్చింటి."

లాల్ బాషా పలకలేదు. నిద్రపోయాడనుకొని చెయ్యి తాకితే వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనం ఇంజన్‌దని అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఏ మలుపులో ఆయన ఊపిరి ఆగిందో, తాను ఎంత దూరం ఆ మాట కోసం కాచుకొని ఎక్కాడో ఎలీషాకు ఎన్నటికీ తెలియలేదు. బండల్ని దించకుండానే లారీ తిప్పాడు. దిగేటప్పుడు కల్వర్టు మీద ఎవరూ లేరు.

మాబున్ని వాకిట్లోనే నిలబడి ఉంది. ఎలీషాతో కలిసి ఆయన్ను దించి మంచం మీద పడుకోబెట్టింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"ఎక్కిందా?"

"ఎక్కింది అత్తా. మూడో గేరులోనే."

ఆమె చెంబుతో నీళ్ళూ సబ్బూ తెచ్చి, మంచం పక్కన కూర్చొని, ఆయన వేళ్ళు ఒక్కొక్కటే కడగడం మొదలుపెట్టింది.

ఇంజన్ ఆపడం ఎలీషా మరిచిపోయాడు. వీధిలో, లారీ ముందద్దానికి అతుక్కున్న జానెడు కర్ర సన్నగా వణుకుతూనే ఉంది.