మ్యాట్నీలో పెళ్ళిచూపులు

సినిమాకి పోయే పిల్లతో ఏ తల్లయినా జాగ్రత్తగా పోయిరమ్మంటుంది, పొద్దుగూకే లోపల ఇల్లు చేరమంటుంది. పోలేరమ్మ మాత్రం కూతురి జడకి రబ్బరుబ్యాండు బిగిస్తూ, "ఏడవబాక" అంది.

"సినిమాకి పోతా ఉంటే ఏడుపు మాటేందిమా?" అంది గంగాభవాని.

"ఆ చెంచమ్మ నిన్ను ఊరికే తీసకపోతా ఉందనుకున్నావా? ప్రేమ సినిమా అంట. హాలు హాలంతా ముక్కులు చీదతా ఉండారంట. నువ్వు గాని ఏడిస్తే ఆ సుధాకర్ గాడు ఇంకా నీ మనసులో ఉండాడని లెక్క. ఈ సంబంధం కూడా గంగలో కలిసినట్టే."

చెంచమ్మ పెళ్ళికొడుకు శివశంకర్‌కి అక్క. శివశంకర్ అల్లూరు నుంచి రొయ్యల గుంటలకి ఐసు తోలే వ్యాను డ్రైవరు. తల్లి లేని తమ్ముడికి అన్నీ అక్కే. మొన్న తమ్ముడితో వచ్చి పిల్లని చూసిపోయింది గానీ ఔననలేదు, కాదనలేదు. నిన్న ఫోను చేసి, "గంగని మ్యాట్నీకి పంపండి, ఇద్దరం చూసొస్తాం" అంది.

పక్కింటి మహాలక్ష్మి వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తూ చెవులు ఇటే పెట్టింది. "అదేంది వదినా, అస్సలు ఏడవకపోతే రాతిగుండెది అనుకోరా? రేపు మొగుడికి జొరమొచ్చినా ఇట్నే గుడ్లప్పగించి చూస్తదని భయపడతారు. రెండు బొట్లు రాల్చమను."

"రెండు బొట్లకి ఆగుద్దా దీని ఏడుపు? అప్పుడు నెల్లాళ్ళు ఏడ్చింది నువ్వు చూళ్ళేదా?"

"నేను వచ్చేదాకా మీరిద్దరూ ఒక మాట మీదికి రండి" అని గంగ చెప్పులేసుకుని ఆటో ఎక్కింది.

పాలెం మొత్తానికి గంగ మనసు విరిగిన పిల్ల. నాలుగేళ్ళ కింద సుధాకర్ అదే పాలెంలో ఉండేవాడు. వలల పాక వెనకాల కబుర్లు, బైకు హారను సైగలు అన్నీ నడిచాయి. తర్వాత వాడికి తడ దగ్గర కంపెనీలో ఉద్యోగం వచ్చింది, ఆ కంపెనీలోనే పెళ్ళామూ దొరికింది. గంగ నెల్లాళ్ళు చాప మీద నుంచి లేవలేదు. ఆ తర్వాత లేచి, తల దువ్వుకుని, రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి చేరింది.

ఆమె లేచింది గానీ పాలెం ఆమెని లేవనివ్వలేదు. ఎవరింట్లోనైనా పెళ్ళిమాట నడుస్తూంటే గంగని చూసి గొంతు తగ్గించేవాళ్ళు. పైగా ఆమె రొయ్యలు తినడం మానేసింది. సుధాకర్‌కి రొయ్యల వేపుడంటే ప్రాణం కదా, వాడి మీద బెంగతోనే ఒట్టేసుకుందని ఆడవాళ్ళు తీర్మానించారు. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల రొయ్య ముట్టదంటే మరి ఇంకే కారణం ఉంటుంది? ఆ ఒట్టు కథ అల్లూరు దాకా పాకి, వచ్చిన రెండు సంబంధాలూ వచ్చిన దారినే పోయాయి.

మర్చిపోయినావా అని గంగని నేరుగా అడిగినవాళ్ళు లేరు. అడిగినా ఆమె ఏం చెప్పేది? కట్టు కట్టిన పుండు మానిందో లేదో విప్పి చూసుకోవడానికే ఆమెకి భయం. విప్పకుండానే రోజులు గడుపుకొచ్చింది.

కానీ ఈ సంబంధం పోకూడదని ఆమెకి ఉంది. చూపుల రోజు శివశంకర్, "నీకు ఇష్టమేనా?" అని అడిగాడు. సరిగ్గా అప్పుడే పెరట్లో కోడి గోల చేసింది. ఆమె తల వంచుకుని ఏదో గొణిగింది. ఇంకొకడైతే అదే ఔననుకుని కాఫీ తాగి లేచేవాడు. ఇతను కోడి అరుపు ఆగేదాకా కూర్చుని మళ్ళీ అడిగాడు.

హాల్లో చెంచమ్మ గోడవారన సీట్లు పట్టింది. భారీ మనిషి. ఒళ్ళో మురుకుల సంచి, భుజాన తువాలు. లైట్లు ఆరిపోయాక గంగ తెరని చూస్తూంటే ఆమె గంగ ముఖం చూస్తూ కూర్చుంది.

సినిమాలో కుర్రవాడికి, పిల్లకి మహా ప్రేమ. పాటలన్నీ అయ్యాక పిల్లకి వేరే పెళ్ళి కుదిరింది. బస్టాండులో, వానలో విడిపోయారు. వెనక వరసలో ఎవరో వెక్కారు. ఇంకెవరో, "పాపం రా" అన్నారు. గంగ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగించి, వచ్చే ఏడుపుకి కాపు కాసింది.

రాలేదు.

ఇది మరీ విచిత్రంగా తోచింది. ఆ వానలో కుర్రవాడి బదులు సుధాకర్‌ని నిలబెట్టి చూద్దామనుకుంది. పసుపు గళ్ళ చొక్కా వచ్చింది. బైకు హారను వచ్చింది. పౌడరు వాసన కూడా వచ్చింది. ముఖం రాలేదు. మీసం ఉండేదా? నుదురు వెడల్పా, ఇరుకా? నిండుగా ఉందనుకున్న తొట్టిలో చెయ్యి పెడితే అడుగు తగిలినట్టయింది. నెల్లాళ్ళు అన్నం మానేసింది ఈ మనిషి కోసమేనా? వాడి ముక్కు ఎలా ఉండేదో కూడా తెలియదే! ఆ తర్వాత లోపల్నించి నవ్వు తన్నుకొచ్చింది. హాలంతా ఏడుస్తూంటే నవ్వితే పిచ్చిదంటారని చున్నీ నోట్లో కుక్కుకుంది.

చెంచమ్మ కళ్ళు చిన్నవి చేసి చూసింది. చున్నీ నోట్లో పెట్టుకుంది, భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనే లెక్క వేసుకుంది.

ఇంటర్వెల్లో పఫ్ కొనిచ్చి, ఇంక దాచుకోకుండా అడిగింది. "ఒకటి చెప్పు మే. రొయ్యలెందుకు మానేసినావు?"

గంగ అటూ ఇటూ చూసింది. "ఎవరికీ చెప్పబాకక్కా. నాకు పడవు."

"అంటే?"

"షెడ్డులో తలలు తీసీ తీసీ ఒళ్ళంతా దద్దుర్లొచ్చినాయి. అమ్మకి కూడా వేడి పొక్కులని చెప్పినా. ఇప్పుడు చేతికి గ్లౌజులేసుకుంటా. తింటే మాత్రం పెదాలు పూరీ మాదిరి పొంగుతాయి. పాలెంలో పుట్టి రొయ్య పడదంటే నవ్వరా? ఒట్టేసుకుంది అనుకుంటా ఉండారు, అదే మర్యాదగా ఉందిలే అని గమ్మునుండా."

చెంచమ్మకి పఫ్ పొలమారింది. దగ్గుతోనే నవ్వింది, నవ్వుతోనే దగ్గింది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! మూడు మండలాలు నీ ఒట్టుని కథలు కథలుగా చెప్పుకుంటా ఉంటే, దద్దుర్లా?"

రెండో సగంలో కుర్రవాడు గడ్డం పెంచాడు. వాన పడ్డప్పుడల్లా ఆ బస్టాండుకి పోయి నిలబడతాడు. పదేళ్ళు అదే పని. ఇతనికి పనీ పాటా లేదా, వీళ్ళకి జరుగుబాటు ఎట్లా అని గంగ ఆలోచిస్తూంటే, పక్కన ఏదో చప్పుడైంది. చూస్తే చెంచమ్మ! తువాలు ముఖానికి అదుముకుని, కొత్తగా అత్తారింటికి పోయే పిల్లలాగా ఏడుస్తోంది. పరీక్ష పెట్టవచ్చిన మనిషి పరీక్ష మాటే మర్చిపోయింది.

అప్పుడు తెర మీద ఆ కుర్రవాడి తల్లి కనిపించింది. కంచంలో అన్నం పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. కొడుకు రాలేదు. అన్నం మీద మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. పాట లేదు, మాట లేదు. హాల్లో జనం ఫోన్లు చూసుకుంటున్నారు.

గంగకి కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి. తను గోడ వైపు తిరిగి పడుకున్న రోజుల్లో అమ్మ ఇలాగే కూర్చునేది. "రెండు ముద్దలు తినవే" అనేది, తనూ తినేది కాదు. సుధాకర్ ముఖం చెరిగిపోయింది గానీ ఆ కంచం మీద మూత చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. వద్దనుకున్నా ఆగలేదు. చున్నీ తడిసింది.

చెంచమ్మ తువాలు దించి చూసింది. తెర వంక చూసింది, మళ్ళీ గంగ వంక చూసింది.

బయట ఎండకి కళ్ళు చిట్లించుకుంటూ ఇద్దరూ ఆటోల దగ్గర నిలబడ్డారు. ఇద్దరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి.

"ఆ గడ్డపోడి కాడ ఏడవలా, ముసలిదాని కాడ ఏడ్చినావేంది?" అంది చెంచమ్మ.

గంగ చెప్పింది. తల్లి సంగతి చెప్పింది, వాడి ముఖం గుర్తుకు రాని సంగతీ చెప్పింది. "మర్చిపోయినట్టు కూడా నాకు తెలీలేదక్కా. ఇయాళ వెతికితే లేడు. మరి నువ్వెందుకు అంత ఏడ్చినావు?"

"నాకూ ఒకడుండేవోడులే, సైకిలు షాపోడు. ఇప్పుడు ఎదురుగా వచ్చినా పోల్చుకోలేను. సినిమా అంటే ఉల్లిగడ్డ కోసినట్టు, కళ్ళు వాటంతటవే కారతాయి. దాన్ని పట్టుకుని మనసు కొలుద్దామని బయల్దేరినా చూడు, నాకుండాలి బుద్ధి. 'పరీక్షలెందుకక్కా, ఆమెనే అడగరాదా' అని మావోడు చెప్తానే ఉండాడు."

వాకిట్లో ఆటో ఆగగానే పోలేరమ్మ కూతురి ముఖం చూసింది. ఎర్రబడ్డ కళ్ళు, ఉబ్బిన రెప్పలు. "అయిపోయింది! ఏడవబాకే అని చెప్పి పంపితే..." అని నెత్తిన చేతులు పెట్టుకుని అరుగు మీద కూలబడింది.

"ఏడ్చింది అత్తా, కుండపోతగా ఏడ్చింది" అంది చెంచమ్మ ఆటో దిగుతూ. "వాడి కోసం కాదులే, నీ కోసం."

"నాకేమైంది? గుండ్రాయి మాదిరి ఉండానే!"

గంగ పక్కన కూర్చుని ఆ కంచం సంగతి చెప్పింది. పోలేరమ్మ కొంగు అంచు నలుపుకుంది. "గోడకి తిరిగి పడుకుంటివి గదా, ఇయన్నీ ఎప్పుడు చూసినావే?" అంది. గొంతు మెత్తగా వచ్చింది. వెంటనే చెంచమ్మ వైపు తిరిగి, "నిలబెట్టే మాట్లాడతా ఉండా, కూచో అమ్మా. అయితే మీరు..."

"శుక్రవారం తాంబూలాలకి వస్తాం. రొయ్యలు మాత్రం వండబాకండి" అంది చెంచమ్మ. ఎందుకో పోలేరమ్మకి అర్థం కాలేదు. గంగ ఇంక నవ్వు దాచుకోలేదు.

వాళ్ళు లోపల మాటల్లో పడ్డాక ఆమె పడవల వైపు నడిచి శివశంకర్‌కి ఫోను చేసింది. తనంతట తాను చెయ్యడం ఇదే మొదలు.

"మీ అక్క అడిగింది, చెప్పినా. మీరు కూడా ఏమన్నా అడగాలంటే అడగండి."

అవతల వ్యాను ఇంజను చప్పుడు ఆగింది.

"సినిమా ఎట్టుంది?" అన్నాడు.

"ఏముంది, ఆ హీరోకి పని లేదు. పదేళ్ళు బస్టాండులో నిలబడ్డాడు, ఒక్క బస్సూ ఎక్కలా" అని మొదలుపెట్టి ఆ తల్లి కంచం దాకా కథంతా చెప్పుకొచ్చింది. అతను ఊఁ కొడుతున్నాడు, మధ్యలో నవ్వుతున్నాడు. వెనకాల గుంట మీద నుంచి ఎవరో, "అబ్బయ్యా, ఐసు కరిగిపోతా ఉంది, దించేది ఉందా లేదా!" అని అరుస్తున్నారు.

"అరుస్తా ఉండారు, పోండి" అంది గంగ.

"కరగనీలే. ఆ పెద్దామె అన్నం తినిందా లేదా, అది చెప్పు" అన్నాడు శివశంకర్.