తల కొంచెం ఎత్తు

కొవ్వులోనే ఉండాలి, చర్మం కిందే, ఇంతోటి దానికి గాభరా ఎందుకు, ఇలాంటి కొవ్వుగడ్డలు ఎంతమంది ఒంట్లో లేవు అనుకుంటూ ఆమె తమ్ముడి బొడ్డుకు పైన, కాస్త కుడి పక్కగా వేళ్ళు ఆనించింది, వాడు సోఫాలో వెల్లకిలా పడుకుని, చొక్కా పైకి లాక్కుని, ఏంటక్కా, చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయి, చచ్చినవాళ్ళ డాక్టరువి అనిపించుకున్నావు అని నవ్వుతున్నాడు, నిజమే, మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పే ఆమెకు ఇన్నేళ్ళుగా చేతికి తగిలిన పొట్టలన్నీ శవాలను నిలవుంచే ఫార్మలిన్‌లో నానినవే, అవి నవ్వవు, వేలు తగిలితే ముడుచుకోవు, ఈ పొట్ట ఊపిరితో లేస్తోంది, పడుతోంది, దాని కింద నిమ్మకాయంత గడ్డ, అది కూడా ఊపిరితో కదులుతోందా, పైనున్న చర్మమే కదులుతోందా తెలియడం లేదు.

స్టీరింగు తగిలి కమిలింది, అంతే, వాడే తేల్చేశాడు, బస్సు డ్రైవరు కదా, ఒంట్లో ఏది నొప్పెట్టినా తప్పు స్టీరింగుదో గుంతలదో, పైగా పొట్ట తగ్గిందని నీ మరదలు తెగ మురిసిపోతోంది, బెల్టుకి కొత్త బెజ్జం పొడిచాను చూడు అంటున్నాడు, చూడకూడదనుకుంది, చూసింది, ఏ కసరత్తూ చేయనివాడికి పొట్ట తగ్గడమేమిటి, వద్దు, ముందు పొరలు, వరసగా పొరలు తలుచుకుంటే మనసు కుదుటపడుతుంది, పక్కల్లో పై ఏటవాలు కండరం, జేబుల్లో చేతులు పెట్టుకుంటే వేళ్ళు ఎటు చూస్తాయో దాని పోగులు అటు, దాని కింద లోపలి ఏటవాలుది, పోగులు దానికి ఎదురు, ఆ కింద నడికట్టులా అడ్డకండరం, ఇక్కడ మధ్యలో, తన వేళ్ళ కింద, పక్కటెముకల నుంచి కిందిదాకా రెండు నిలువు పట్టీలు, ఏ పొరలో ఉన్నా పర్వాలేదు, పొట్ట గోడలో ఉన్నట్టే, గోడ దాటి లోపలి అవయవాల్లో మాత్రం వద్దు.

తేల్చుకోవడం చిటికెలో పని, ప్రతి కొత్త బ్యాచికీ చెబుతుంది, పడుకున్న మనిషిని తల ఎత్తమనండి, గోడ బిగుసుకుంటుంది, గడ్డ గోడలోదైతే చేతికి ఇంకా బాగా తగులుతుంది, లోపలిదైతే బిగిసిన కండరం చాటుకు పోతుంది, శవాలు తల ఎత్తవు కనుక పిల్లల్నే ఒకరినొకరు చూసుకోమంటుంది, వాళ్ళు చక్కిలిగిలికి మెలికలు తిరుగుతారు, అంత తేలిక మాట ఇవాళ నోట్లోంచి రావడం లేదు, దగ్గమంది, ఊపిరి పీల్చమంది, పక్కకు తిరగమంది, చిన్నప్పుడు వీడే పొట్ట బిర్రబిగించి, కొట్టక్కా, నొప్పే పుట్టదు అని పందెం కాసేవాడు, వాడికేమైనా అయితే నీ వీపు విమానం మోతే అని అమ్మ వంటింట్లోంచి అరిచేది, ఏంటక్కా ఇంతసేపు, నాకు డ్యూటీ టైమవుతోంది, భయంగా ఉంది ఆమెకు, అయినా ఎంతసేపని తప్పించుకుంటుంది.

తల కొంచెం ఎత్తరా అంది, ఎత్తాడు, మెడ నరాలు తేలాయి, నిలువు పట్టీలు రెండూ చెక్కలా బిగిశాయి, వేళ్ళు వెతికాయి, ఇక్కడే కదా, కాస్త పైన, కాస్త పక్కన, ఎక్కడా లేదు, గట్టిగా, నున్నగా కండరం ఒక్కటే, వాడు కూడా తడిమి చూసుకున్నాడు, ముఖం వెలిగిపోయింది, అరె, పోయిందక్కా, నేను చెప్పలా, నీ చేతిలో ఏదో మహత్తు ఉంది, శవాల దగ్గర వృథా చేస్తున్నావు అంటూ లేచి కూర్చున్నాడు, ఉండు, నీ మరదలికి చెబుతాను అని ఫోను తీశాడు, ఏమీ లేదటే, అక్క చూసింది అంటాడు, ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది, అది పోలేదని, గోడకు అవతల ఉందని తెలిసింది తనొక్కదానికే, ఇన్నేళ్ళూ తను చూసిన పొట్టలన్నీ అన్నీ అయిపోయినవాళ్ళవి, ఎవరికీ ఏదీ చెప్పాల్సిన పని పడలేదు, ఇప్పుడు పడింది, చెప్పాల్సింది ఇంకే డాక్టరో కాదు, తనే, అవతల మరదలు ఫోను తీసేలోపు.